రిటైరయ్యాక ఆయుధాల ఎగుమతి కంపెనీకి సలహాదారుగా చేరొచ్చా?

ప్రశ్న (రాజోలు):
మా బాబాయిగారు కేంద్ర రక్షణ శాఖలో సివిలియన్ గ్రూప్ ఎ అధికారిగా చేసి మొన్న ఏప్రిల్ నెలాఖరున రిటైరయ్యారు. ఇప్పుడు ఊళ్లో కొబ్బరితోట చూసుకుంటున్నారు. విదేశాలకు ఆయుధ విడిభాగాలు అమ్మే ఒక ప్రైవేటు కంపెనీ సలహాదారుగా రమ్మంటోంది. ఆఫర్ లెటర్ నేనూ చదివాను. "ఎగుమతి అనుమతుల విషయమై ప్రభుత్వ కార్యాలయాలతో లైజన్" (అంటే కంపెనీ తరఫున సంప్రదింపులు) అని ఒక లైను ఉంది. జీతం కాదు, నెలనెలా ఫీజు. పెన్షన్‌కు ఏమైనా అవుతుందేమోనని పిన్నికి ఒకటే టెన్షన్.

జవాబు (భీమవరం):
ఉద్యోగం కాదు కదండీ, కన్సల్టెన్సీ. పర్మిషన్ అక్కర్లేదనుకుంటాను.

జవాబు (కాకినాడ):
అయ్యా, ఆ మాట నమ్మి సంతకం పెట్టనివ్వకండి. నేను కేంద్ర పెన్షన్ ఫైళ్లు చూసినవాణ్ణి. గ్రూప్ ఎ అధికారి రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కొలువు చేయాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 2007కు ముందు ఇది రెండేళ్లు. జీతమా ఫీజా అన్నది కాదు లెక్క. సొంతంగా సలహాదారుగా కూర్చున్నా, ప్రభుత్వ కార్యాలయాలతో లైజన్ చేయాల్సిన పని అయితే అది కొలువు కిందికే వస్తుంది. మీ లెటర్లో ఉన్నది సరిగ్గా ఆ మాటే! అనుమతి లేకుండా చేరితే పెన్షన్ కొంతగానీ, మొత్తంగానీ ఆపేయొచ్చు. చివరి మూడేళ్లలో ఆయన చేతికి రహస్య సమాచారం వచ్చిందా అన్నది కూడా చూస్తారు.

ఆయుధాల ఎగుమతికి అనుమతి ఇచ్చేది రక్షణ ఉత్పత్తి విభాగం. నిన్నటిదాకా "సార్" అని లేచి నిలబడ్డవాళ్ల దగ్గరికే ఫైలు పట్టుకెళితే వాళ్లు కాదనగలరా? 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్లు. ఇంత డబ్బు తిరిగేచోట ఏడాది ఆగమనడం చాలా తక్కువని నా అభిప్రాయం. సార్వా, దాళ్వా కోసేసరికి అయిపోతుంది. అమెరికాలో 2017 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం మూడు, నాలుగు నక్షత్రాల జనరళ్లు రిటైరయ్యాక రెండేళ్లు తమ రక్షణ శాఖ దగ్గర లాబీయింగ్ చేయకూడదు. మనకూ కనీసం అంత ఉండాలి.

ప్రశ్న (రాజోలు):
ఆ లైను తీసేయిస్తే సరిపోతుందా అండీ?

జవాబు (కాకినాడ):
సరిపోదు. కంపెనీలో ఏ హోదాలో చేరినా ఏడాదిలోపు అనుమతి కావాల్సిందే. రిటైరైన శాఖకే దరఖాస్తు పెట్టమనండి. అందులో చేయబోయే పని ఉన్నదున్నట్టు రాయాలి, లైజన్ సంగతి దాచొద్దు. అందినట్టు రసీదు తీసుకుని పెన్షన్ కాగితాలతోపాటు భద్రపరచండి. జవాబు వచ్చేదాకా కంపెనీ నుంచి అడ్వాన్సు కూడా తీసుకోవద్దని పిన్నిగారితో చెప్పించండి.