ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సముద్రపు చేపకు అంత రేటా?

బురుజు కాడ (కర్నూలు):
మే నెలలో తమ్ముని ప్రమోషన్ పార్టీకి హైదరాబాద్ పోయినాం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద సీఫుడ్ హోటల్. మంచు మీద పండుగొప్పను చూపించి "పొద్దున్నే వైజాగ్ నుంచి దిగింది సార్" అన్నాడు హోటలాయన. మెనూలో ధర లేదు, "మార్కెట్ రేటు" అని రాసుంది. బిల్లు చూస్తే మా ఇంటి నెల సరుకులంత! రుచి బాగుంది, కాదనను. అయినా సముద్రం లేని ఊళ్లో అంత పెట్టడం దండగ. మన తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ కాడ దొరికే చేప దీనికి ఏం తక్కువ?

ఆదోని అబ్బాయి (ఇప్పుడు నానక్‌రామ్‌గూడ):
అన్నా, మంచు తగ్గకుండా తెచ్చిన చేప, ఎండలో గంపలో పెట్టి అమ్మేదానికన్నా నయం. పైగా అక్కడ నువ్వు చేపకే కాదు, అద్దెకు, ఏసీకి, వంటవాళ్ల జీతాలకు కూడా కడుతున్నావు. అయినా కర్నూలు మార్కెట్‌లో ఉండేదంతా తుంగభద్ర చేపేనా? శీలావతి, బొచ్చె కోస్తా చెరువుల నుంచి లారీల్లో రావడం లేదా?

పులుసు పిచ్చి:
గొడవ దూరం గురించి కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అంటే జూన్ మొదటి రెండు వారాలు రెండు వైపులా బంద్. మే నెలలో వంజరం లాంటి సముద్రపు చేప పెట్టారంటే ఎక్కువగా అరేబియా వైపుదో, ఫ్రీజర్‌లోదో అయ్యుంటుంది. పండుగొప్ప సంగతి వేరు. దాన్ని కోస్తాలో చెరువుల్లోనూ పెంచుతారు, నిషేధంతో పని లేదు. కాబట్టి ఆ హోటలాయన అబద్ధమాడినట్టు కాదు. కానీ చెరువు చేపకు సముద్రం రేటు కట్టి ఉండొచ్చు. ఎక్కడిదని అడిగినావా?

బురుజు కాడ:
తమ్ముని ఆఫీసు వాళ్లంతా ఉంటే ఎట్లా అడిగేది? పిసినారి అనుకోరా!

పులుసు పిచ్చి:
అదే వాళ్లకు లాభం. కిలో ఎంత, తూకం కడగకముందా కడిగినాకా అని వంటకు పంపకముందే అడగాలి. తల, పేగులు పోతే కిలో చేప కిలో ఉండదు కదా. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, నొక్కితే కండ మళ్లీ పైకి లేస్తుందా చూడు.

ఆదోని అబ్బాయి:
ఇది ఒప్పుకుంటా. ధర రాయకపోవడం తప్పే. బిల్లులో సర్వీస్ ఛార్జీ ఉందేమో చూడన్నా. దాన్ని వాళ్లంతట వాళ్లే కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. కానీ తుంగభద్ర చేపే గొప్పంటే మాత్రం నేను రాను. పీతల వేపుడు అడిగితే సుంకేసుల ఏం చేస్తుంది?