2011 సెన్సస్ డేటాని కొత్త జిల్లాలతో కలపడం ఎలా? వీలుకప్‌లో సగం ఎన్ఏ వస్తోంది

మిరపతోట
అందరికీ నమస్తే. ఎమ్మే ఎకనామిక్స్ ప్రాజెక్ట్ చేస్తున్నా. 2011 జనాభా లెక్కల్లోని జిల్లాలవారీ అక్షరాస్యత తీసుకుని దాని పక్కన ఇప్పటి స్కూల్ ఎన్‌రోల్‌మెంట్ పెట్టి చూడాలి, రెండు తెలుగు రాష్ట్రాలకీ. పాత ఫైల్లో మొత్తం 23 జిల్లాలే, కొత్తదాంట్లో ఒక్క తెలంగాణకే 33 ఉన్నాయి. ఎక్సెల్లో వీలుకప్ (పేరుని బట్టి ఇంకో పట్టికలోంచి విలువ తెచ్చే ఫార్ములా) కొడితే సగానికి పైగా ఎన్ఏ, అంటే దొరకలేదు అని వస్తోంది, దొరికినవి కూడా కరెక్టో కాదో తెలీట్లేదు. పాత జిల్లా శాతాన్నే దాన్లోంచి వచ్చిన కొత్త జిల్లాలన్నిటికీ వేసెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు, అలా చెయ్యొచ్చా? పైథాన్ కొంచెం వచ్చు.

కోడ్_కాఫీ
బ్రో, ఫజీ మ్యాచింగ్ (దగ్గరగా ఉన్న పేర్లని పోలికని బట్టి కలపడం) వాడు, స్పెల్లింగ్ తేడాలున్నా పోలిక స్కోర్ నూటికి 85, 90 పెట్టుకుంటే చాలావరకు కలిసిపోతాయి. మిగిలినవి చేత్తో సరిచేసుకో.

గట్టుమీద_రావిచెట్టు
ఫజీ మ్యాచింగ్ ఇక్కడ వద్దు తమ్ముడూ, ఎన్ఏ వస్తే కనీసం కనిపిస్తుంది, ఫజీ తప్పుగా కలిపేసింది కనిపించదు. నారాయణపేట, నారాయణఖేడ్ చూడు, అక్షరాలు దాదాపు ఒకటే, కానీ ఒకటి జిల్లా, ఇంకోటి సంగారెడ్డి జిల్లాలో ఊరు. అదే నెల్లూరు ఒక ఫైల్లో ఉత్త నెల్లూరు అని, ఇంకో ఫైల్లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అని ఉంటుంది, ఒకటే జిల్లా అయినా స్కోర్ తక్కువ వచ్చి పక్కన పడేస్తుంది. కడప అయితే ఏ ఏడాది ఫైలైతే ఆ పేరు.

అసలు ప్రమాదం పేరు అచ్చుగుద్దినట్టు ఉన్నచోటే. 2011 వరంగల్ అంటే ఉమ్మడి జిల్లా. 2016 అక్టోబర్‌లో అది వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని విడిపోయింది. 2021లో అర్బన్‌ని హనుమకొండ చేసి రూరల్‌ని వరంగల్ చేశారు. అంటే నీ కొత్త ఫైల్లో వరంగల్ అనేది పాత వరంగల్లో ఒక ముక్క, వీలుకప్ మాత్రం హాయిగా కలిపేసి నంబర్ ఇచ్చేస్తుంది. మెదక్, ఖమ్మం, గుంటూరు, చిత్తూరు అన్నీ ఇదే కథ.

ఇక పాత శాతాన్ని కొత్త జిల్లాలకి వేసెయ్యడం గురించి. కొత్త జిల్లా ప్రతిదీ ఒకే పాత జిల్లాలోంచి వస్తే కనీసం ఏ శాతం వెయ్యాలో తెలిసేది, అలా రాలేదు. సిద్దిపేటలో మెదక్ మండలాలు ఎక్కువ, హుస్నాబాద్, కోహెడ కరీంనగర్ నుంచి వచ్చాయి, చేర్యాల వరంగల్ నుంచి. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న 26 జిల్లాలు చేసినప్పుడు బాపట్లకి గుంటూరు నుంచి కొంత, ప్రకాశం నుంచి కొంత, తిరుపతికి చిత్తూరు నుంచి, నెల్లూరు నుంచి. పైగా ఒకే జిల్లాలో పట్టణానికీ ఏజెన్సీకీ అక్షరాస్యతలో బోలెడు తేడా, నువ్వు చూడాలనుకుంటున్నదే ఆ తేడా కదా, దాన్నే చెరిపేసినట్టవుతుంది.

కాబట్టి కింది నుంచి కట్టుకో. సెన్సస్ వాళ్ల ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (జనాభా, అక్షరాస్యుల లెక్కలుండే పట్టిక) గ్రామస్థాయిలో ఉంటుంది, ప్రతి ఊరికీ 6 అంకెల కోడ్. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊరు ఇప్పుడు ఏ మండలం, ఏ జిల్లాలో ఉందో ఉంటుంది, పక్కనే 2011 సెన్సస్ కోడ్ కూడా ఇస్తారు. ఆ కోడ్ మీద కలిపి ఊళ్లని కొత్త జిల్లాల కింద కూడు. మండలం దగ్గర ఆగుదామంటే కుదరదు, 2016లో తెలంగాణ మండలాలు 459 నుంచి 584 అయ్యాయి, పాత మండలాలూ చీలాయి. కాస్త పనే, కానీ ఒకసారి చేస్తే ఆ టేబుల్ ఏ ప్రాజెక్ట్‌కైనా పనికొస్తుంది.

మిరపతోట
అన్నా చాలా థాంక్స్, వరంగల్ సంగతి అస్సలు తెలీదు. ఊళ్ల అక్షరాస్యత శాతాలని యావరేజ్ చేస్తే జిల్లా శాతం వచ్చేస్తుందా? ఇంకోటి, ఊరి ఫైల్ ఎక్సెల్లో తెరిస్తే మండలం కోడ్స్ కొన్నిచోట్ల 4 అంకెలు, కొన్నిచోట్ల 5 కనిపిస్తున్నాయి.

పట్టికలపిచ్చి
యావరేజ్ వద్దమ్మా. రెండొందల మంది ఉన్న గూడేనికీ పదివేల ఊరికీ ఒకే బరువు పడిపోతుంది. అక్షరాస్యుల సంఖ్య కాలమ్ విడిగా కూడు, జనాభాలోంచి 0-6 ఏళ్ల పిల్లల్ని తీసేసి అది విడిగా కూడు, చివర్లో భాగించు. మన సెన్సస్‌లో అక్షరాస్యత 7 ఏళ్లు పైబడినవాళ్లకే లెక్కేస్తారు, మొత్తం జనాభాతో భాగిస్తే పిల్లలు ఎక్కువున్న మండలాలు ఊరికే వెనకబడినట్టు కనిపిస్తాయి.

ఇక కోడ్ సంగతి, మండలం కోడ్ 5 అంకెలది, ముందు సున్నా ఉంటుంది, ఎక్సెల్ దాన్ని నంబర్ అనుకుని ఆ సున్నా కొట్టేస్తుంది. డబుల్ క్లిక్ చేసి తెరవకు, డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని పెట్టు. పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో అయితే ఫైల్ చదివేటప్పుడే డీటైప్ (కాలమ్ రకం) స్ట్రింగ్, అంటే టెక్స్ట్ అని ఇవ్వు. రెండు పట్టికల్ని మెర్జ్ చేసేటప్పుడు (కలిపేటప్పుడు) ఇండికేటర్ ఆన్ చేస్తే ఏ వరుస ఎటువైపు మిగిలిందో చూపిస్తుంది, వాలిడేట్ కూడా పెట్టు, ఒక ఊరు రెండుసార్లు పడితే ఎర్రర్ కొట్టి ఆగుతుంది. పట్టణాలు, ఈమధ్య మున్సిపాలిటీల్లో కలిసిన ఊళ్లు అలా మిగులుతాయి, వాటిని చేత్తో చూసుకోవాల్సిందే.

అంతా అయ్యాక మొత్తాలు సరిచూడు. 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8,45,80,777. ఇప్పటి హద్దుల ప్రకారం తెలంగాణ 3,50,03,674, ఆంధ్ర 4,95,77,103 రావాలి. నీకు తెలంగాణ 3,51,93,978 వచ్చిందనుకో, 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రాకి వెళ్లిన పోలవరం ముంపు మండలాలు ఇంకా ఇటే ఉన్నాయని అర్థం. కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలో, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం 2022 విభజన ప్రకారమైతే అల్లూరి జిల్లాలో పడ్డాయో లేదో ముందు చూడు, అవి ఎప్పుడూ తప్పిపోతుంటాయి.

కోడ్_కాఫీ
రావిచెట్టు గారు చెప్పింది కరెక్ట్, ఇలాంటిచోట ఫజీ వద్దు. కోడ్ దొరకని ఆ కొన్ని ఊళ్లకి వాడాలనుకుంటే పాత జిల్లా, మండలం ఒకటే అయినవాటి మధ్యే వెతికించు, రామాపురాలూ కొత్తపల్లెలూ ప్రతి జిల్లాలో ఉంటాయి. పాత పేరు కాలమ్ మాత్రం చెరపకు, మార్చిన పేరు పక్కన ఇంకో కాలమ్‌లో పెట్టుకో, వైవాలో అడిగితే చూపించొచ్చు.

మిరపతోట
సరే, ముందు ఖమ్మంతో మొదలుపెడతా. ఆ టేబుల్ అయ్యాక ఇక్కడే పెడతాను, తెలంగాణ అయ్యాక ఆంధ్ర.