చిన్న గదికి స్ట్రోబ్ లైట్లు: 300 చాలా, 400 కావాలా?

కావలి_క్లిక్స్:
అన్నా, ఇంటి ముందు గదిని స్టూడియో చేస్తున్నా. 10 బై 14 అడుగులు, స్లాబ్ 9 అడుగుల ఎత్తు. పిల్లల ఫోటోలు, పాస్‌పోర్ట్ సైజులు, మా పిన్ని వాట్సాప్‌లో అమ్మే వెంకటగిరి చీరలు, ఇదీ పని. ఎల్ఈడీ ప్యానెల్‌తో పిల్లలు కదిలితే షేక్ అవుతోంది, ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే శక్తి) పెంచితే గ్రెయిన్. గోడాక్స్ కంపెనీ స్ట్రోబ్ (ఫోటో తీసే క్షణంలో వెలిగే పెద్ద ఫ్లాష్), ఎస్‌కే400 టూ అనే మోడల్‌వి రెండు తీసుకోమంటున్నాడు షాపాయన. నా దగ్గర మొత్తం పాతిక వేలే, స్టాండు, సాఫ్ట్‌బాక్స్ (వెలుతుర్ని మెత్తబరిచే గుడ్డ పెట్టె), ట్రిగ్గర్ (కెమెరా నుంచి లైటుని వెలిగించేది) కూడా అందులోనే రావాలి. అదే కంపెనీ చిన్నది, ఎంఎస్300 సరిపోదా? పైగా చీర అంచులో జరీ తెల్లగా పేలిపోతోంది, దానికీ ఏదైనా చెప్పండి.

ఒంగోలు_షట్టర్:
ఆ గదికి 400 ఎందుకబ్బా. అందరూ ఎక్కువ పవర్ ఎంత అని అడుగుతారు గానీ చిన్న గదిలో చూసుకోవాల్సింది ఎంత తక్కువకి దిగుతుందనేది. ఎస్‌కే400 టూ ఫుల్ పవర్‌లో 1/16 వంతు దగ్గర ఆగిపోతుంది, అంటే 25 వాట్ సెకన్లు (ఒక్క ఫ్లాష్‌లో వచ్చే శక్తి కొలత). ఎంఎస్300 1/32 దాకా దిగుతుంది, తొమ్మిది చిల్లర. బిడ్డకి మూడడుగుల్లో సాఫ్ట్‌బాక్స్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ రావాలని లెన్స్ బాగా తెరిచి ఎఫ్ 4 పెడితే 400తో ఫోటో తెల్లబోతుంది. ఒక ఎంఎస్300, 90 సెంటీమీటర్ల ఆక్టా (ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్), నీ కెమెరా కంపెనీకి పనిచేసే ఎక్స్2టీ ట్రిగ్గర్ తీసుకో. రెండో వైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టు, వెలుతురు దాని మీద పడి తిరిగొస్తుంది, రెండో లైటు డబ్బులు ఇప్పటికి మిగుల్తాయి. 300కీ 400కీ బోవెన్స్ మౌంటే (సాఫ్ట్‌బాక్స్ తగిలించే బిగింపు) కాబట్టి తర్వాత ఈ మౌంటున్న ఏ లైటు కొన్నా ఈ ఆక్టా పనికొస్తుంది. గోడలకి రంగుంటే ముందు తెల్ల సున్నం కొట్టించు, లేకపోతే ఆ రంగంతా పిల్లల బుగ్గల మీదికొస్తుంది.

ట్రంకురోడ్_నెల్లూరు:
పై అన్న చెప్పింది పిల్లల వరకు కరెక్టే. రేపు ఎనిమిది మంది ఫ్యామిలీ గ్రూప్ వస్తే? లైటు వెనక్కి జరపాలి, దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది, పైగా అందరూ ఫోకస్‌లో ఉండాలంటే లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 8 పెట్టాలి. అప్పుడు 300ని ఫుల్‌కి దగ్గరగా నడపాలి, ఒక్కో షాట్‌కి రీసైకిల్ కోసం, అంటే లైటు మళ్ళీ చార్జ్ అయ్యేదాకా ఆగాలి. గ్రూపులు తీసే ఆలోచన ఉంటే 400 ఒకటి చాలు, రెండు మాత్రం దండగ.
జరీ సంగతి: అది అద్దంతో సమానం, లైటు ఎక్కడుందో దాన్నే చూపిస్తుంది. పవర్ తగ్గిస్తే చీర కూడా నల్లబడుతుంది, జరీ మాత్రం అలాగే మెరుస్తుంది. సాఫ్ట్‌బాక్స్‌ని బాగా పక్కకి జరిపి, లోపలి తెర, బయటి తెర రెండూ వేసి, వీలైనంత దగ్గర పెట్టు. మెరుపు పెద్ద జాగాలో పరుచుకుని మెత్తబడుతుంది, పక్క నుంచి పడే వెలుతురులో నేత కూడా కనిపిస్తుంది. మోడలింగ్ లైటు (స్ట్రోబ్‌లోనే నిలకడగా వెలిగే బల్బు) వేసి చీర మడతలు తిప్పి చూసుకో, మెరుపు ఎక్కడ పడుతుందో ముందే తెలిసిపోతుంది.

కావలి_క్లిక్స్:
థ్యాంక్స్ అన్నా, గ్రూపులు మన గదిలో పట్టరు, 300కే వెళ్తా. ఫ్రెండు స్ట్రోబ్‌తో షట్టర్ స్పీడు 1/500లో తీస్తే ఫోటోలో సగం నల్లగా వచ్చింది, లైటు పాడైందా?

ఒంగోలు_షట్టర్:
లైటు బానే ఉంది. అంత స్పీడులో షట్టర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, ఈ రకం లైట్లకి హైస్పీడ్ సింక్ (అంత స్పీడులోనూ ఫ్లాష్ కలిసే సౌకర్యం) ఉండదు. 1/160 పెట్టి మర్చిపో. పిల్లల కదలికని ఆపేది షట్టర్ కాదు ఫ్లాషే, అది వెలిగేదే కనురెప్పపాటులో. ఐఎస్ఓ 100 పెట్టి ఫ్లాష్ ఆపేసి ఒకటి తీసి చూడు, ఫోటో నల్లగా వస్తే ట్యూబ్‌లైటు రంగు కలవట్లేదని లెక్క. వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సర్దుబాటు) 5600 కెల్విన్ దగ్గర పెట్టు, చీర రంగు తేడా వచ్చిందని పిన్నికి రిటర్నులు రాకుండా ఉంటాయి.