మోజెల్ లోయలో ద్రాక్షతోటలు పసుపుపచ్చబడేది ఎప్పుడు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాము. ఈ అక్టోబరులో రాజమహేంద్రవరం నుంచి అమ్మా నాన్నా వస్తున్నారు. వారిని మోజెల్ నది ఒడ్డున ఉన్న బైల్‌స్టైన్ అనే చిన్న ఊరికి తీసుకువెళ్లాలని ఉంది. తోటలు ఏ రోజుల్లో రంగు మారతాయో, మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మ కొండెక్కకుండానే ఆ అందం ఎక్కడి నుంచి చూడవచ్చో అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
అక్టోబరు రెండో సగంలో వెళ్లండి. అక్కడ ఎక్కువగా పండేది రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష కాబట్టి ఆకు ఎర్రబడదు, పండిన నిమ్మకాయ రంగులోకి తిరుగుతుంది. మధ్యలో ఎక్కడైనా ఎర్రటి మడి కనిపిస్తే అది నల్లద్రాక్ష తోట అనుకోవచ్చు. నేల నిండా నల్లటి రాతి పెచ్చులు పరచుకుని ఉంటాయి. అది మనం చిన్నప్పుడు అక్షరాలు దిద్దుకున్న పలకరాయే. పగలంతా ఎండకు కాగిన ఆ రాయి రాత్రి చలిలో తీగలకు వెచ్చదనాన్నిస్తుంది. ఒక సాయంత్రం పొద్దువాలాక ఒక పెచ్చును చేతిలోకి తీసుకుంటే ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఊళ్లో ఇళ్ల కప్పులూ ఆ రాతివే కావడంతో పసుపుపచ్చని వాలు కింద ఊరు నల్లగా, ముద్దుగా కనిపిస్తుంది.

జవాబు 2:
పై సలహా సరైనదే కాని, పొద్దున్నే వెళ్లి నిరాశపడకండి. ఆ రోజుల్లో నది మీద దట్టమైన పొగమంచు పట్టి, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఎదుటి ఒడ్డు కూడా కనిపించదు. బైల్‌స్టైన్‌కు రైలు లేదు. కోబ్లెంజ్‌లో బండి మారి కోఖెమ్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులోగాని లాంచీలోగాని వెళ్లాలి. నా మటుకు లాంచీయే మేలు, ఎందుకంటే నది మలుపు తిరిగినప్పుడల్లా కొండవాలు కొత్తగా ఎదురవుతుంది, పైగా అమ్మగారు కూర్చున్న చోటి నుంచే అంతా చూడవచ్చు. 1689లో ఫ్రెంచి సేనలు కూల్చిన మెటర్నిఖ్ కోట శిథిలాల దగ్గరికి మీరూ నాన్నగారూ ఎక్కి రండి. ఆ లోగా అమ్మగారిని కింద నది ఒడ్డున కూర్చోబెట్టవచ్చు. ఊరంతా ఒక్క చూపులో కనిపించాలంటే మాత్రం రేవు పడవలో ఎదుటి ఒడ్డున ఎల్లెంజ్ వైపుకు దాటి, వెనక్కి తిరిగి చూడాలి.

జవాబు 3:
ఒక చిన్న హెచ్చరిక. కోతల కాలంలో అక్కడ ఫెడర్‌వైసర్ అనే కొత్త ద్రాక్షసారా అమ్ముతారు. అది మన తాటికల్లులాగే ఇంకా పులుస్తూ ఉంటుంది కనుక సీసా మూత బిగించకుండా వదులుగా పెట్టి ఇస్తారు. ఉల్లిపాయలతో చేసిన వేడి రొట్టెతో కలిపి అక్కడే రుచి చూసి రండి. సంచిలో పడుకోబెట్టి తెచ్చిన నా సీసా రైల్లో ఒలికి, కోబ్లెంజ్ చేరేసరికి పెట్టె అంతా కల్లుపాక వాసన కొట్టింది.