తుంటి విరిగిన వృద్ధులకు నరాల బ్లాక్: ఎమర్జెన్సీలోనే ఇవ్వాలా, థియేటర్ దాకా ఆగాలా?

ఎమర్జెన్సీ వైద్యురాలు:
ఎక్స్-రేలో తొడ ఎముక మెడ విరిగిందని తేలగానే ఫేషియా ఇలియాకా బ్లాక్ (గజ్జ దగ్గర మందు ఎక్కించి తొడ నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇచ్చేయాలన్నది నా వాదన. మార్ఫిన్ చాలు, బ్లాక్ సంగతి థియేటర్‌లో చూసుకోవచ్చని సర్జన్లు అంటున్నారు. ఇక్కడివాళ్లు ఏమంటారు?

ఆర్థోపెడిక్ సర్జన్:
మా అభ్యంతరానికి కారణం ఉంది మేడమ్. కాలు మొద్దుబారాక, నరం దెబ్బతిన్నది గాయం వల్లో మందు వల్లో ఎలా తేల్చాలి? పైగా వీళ్లలో చాలామంది రక్తం పలచబడే మందులు వాడుతుంటారు.

అనస్థటిస్ట్:
సార్, ఈ బ్లాక్ పట్టేది ముఖ్యంగా తొడ ముందువైపు వెళ్లే ఫెమరల్ నరాన్ని, తొడ వెలుపలి చర్మానికి వెళ్లే నరాన్ని. పాదాన్ని పైకెత్తడం సయాటిక్ నరం పని, దాని జోలికి ఈ మందు వెళ్లదు. కాబట్టి బ్లాక్ తర్వాత పాదం వాలిపోతే మందు మీద నెట్టేయకుండా కారణం వెతకాలి. సూది పెట్టకముందే వేళ్ల కదలిక, స్పర్శ, పాదంలో నాడి కేస్ షీట్‌లో రాసి ఉంటే మీ సందేహానికి చోటే ఉండదు. రక్తస్రావం విషయానికొస్తే, గజ్జ దగ్గర సూది దిగేది ఫెమరల్ ధమనికి బాగా వెలుపల, చేత్తో నొక్కిపట్టగల చోట. వెన్నులో ఇచ్చే మత్తుకున్నంత కట్టడి దీనికి లేదు.

మార్ఫిన్ కదలకుండా పడుకున్నప్పటి నొప్పిని తగ్గిస్తుంది. బెడ్‌పాన్ పెట్టినప్పుడు, ట్రాలీ మీదకు మార్చినప్పుడు వచ్చే నొప్పికి అది చాలదు. బ్లాక్ ఇస్తే 30 నిమిషాల్లోనే కదలికలో నొప్పి తగ్గుతుందని, మతి తడబడే డెలిరియం కూడా తగ్గుతుందని అధ్యయనాలను కలిపి చూసిన 2020 కొక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ ఉపశమనాన్ని థియేటర్ ఖాళీ అయ్యేదాకా వాయిదా వేయడం అన్యాయం.

ఎమర్జెన్సీ వైద్యురాలు:
సరే, డోసు? అందరికీ 40 మి.లీ. ఎక్కించేయడం సబబేనా?

అనస్థటిస్ట్:
కాదు, పొరపాటు జరిగేది అక్కడే. 45 కిలోల మనిషికి, నరాన్ని మొద్దుబార్చే మందు బుపివకైన్ 0.25 శాతంది 40 మి.లీ. అంటే 100 మి.గ్రా. కిలోకు 2 మి.గ్రా. చొప్పున హద్దు 90 మాత్రమే. అదే కోవకు చెందిన రోపివకైన్ 0.2 శాతంది అయితే 40 మి.లీ.కి 80 మి.గ్రా., కిలోకు 3 మి.గ్రా. హద్దుకు చాలా లోపలే. ఈ బ్లాక్‌కు గాఢత కన్నా పరిమాణం ముఖ్యం. పలచగా, ఎక్కువగా ఇవ్వాలి. థియేటర్‌లో సర్జన్ కోత చుట్టూ ఇచ్చే మందునూ ఈ లెక్కలోనే కలపాలి, ఇది తరచూ మరచిపోతారు.

అల్ట్రాసౌండ్‌లో మందు కటి ఎముక లోపలివైపు ఉండే ఇలియాకస్ కండరం మీద పొరలా పరుచుకుంటూ పోవాలి. ఒకేచోట ఉబ్బితే సూది కండరంలో ఉన్నట్టే, కొంచెం వెనక్కి తీయండి. 5 మి.లీ.కోసారి ఆపి, వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకోవాలి. మందు రక్తంలో ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అదే గదిలో ఉండాలి. విషప్రభావం కనిపిస్తే మొదటి డోసు కిలోకు 1.5 మి.లీ.

ముందే మార్ఫిన్ ఇచ్చి ఉంటే ఇంకో ప్రమాదం. నొప్పి పోగానే మనిషిని మేలుకొల్పి ఉంచేదేమీ మిగలదు, ఊపిరి మందగిస్తుంది. కనీసం అరగంట శ్వాస లెక్కపెడుతూ, మానిటర్ మీదే ఉంచాలి.

ఆర్థోపెడిక్ సర్జన్:
నరం గురించి ఒప్పుకుంటాను. కానీ ఫేషియా ఇలియాకాతో తొడ ముందు కండరం బలహీనపడుతుంది, మర్నాడు నిలబెట్టాలంటే భయం. 2018లో వచ్చిన, తుంటి కీలుకు వెళ్లే చిన్న నరాలనే పట్టే పెంగ్ (PENG) బ్లాక్ మేలు కదా?

అనస్థటిస్ట్:
ఎముక కీలు లోపల విరిగితే మేలే, 20 మి.లీ. చాలు. మందు ఎక్కువైనా, పైపొరలోకి జారినా అదీ ఫెమరల్ నరాన్ని పట్టేస్తుంది. కోత పడే చర్మానికి అది పనిచేయదు. ట్రొకాంటర్ (తొడ ఎముక పైభాగంలోని ఉబ్బు) కింద విరిగితే నేను ఫేషియా ఇలియాకా వైపే మొగ్గుతాను. పెంగ్ లోతైనది కాబట్టి రక్తం పలచబడే మందులున్నవాళ్లలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఏది ఇచ్చినా, నిలబెట్టే ముందు మోకాలు చాపించి బలం చూడమని ఫిజియోకు చెప్పండి.

ఇంకొకటి. ఒక్కసారి ఇచ్చిన మందు ప్రభావం తరచూ రాత్రిపూట దిగిపోతుంది. ఇచ్చిన టైమ్ చార్టులో రాసి, పారాసిటమాల్‌ను వేళకు పడేలా ముందే ఆర్డర్ పెట్టాలి. 50 కిలోల లోపు వాళ్లకు కిలోకు 15 మి.గ్రా.