గుర్రాన్ని అమ్మడం కన్నా కాల్చేయడమే నయమా?

పాత_పేజీ: మొదటి ప్రపంచ యుద్ధానికి ఆస్ట్రేలియా 1,30,000కు పైగా గుర్రాలను పంపింది. ఇంటికి తిరిగొచ్చింది ఒక్కటే, శాండీ. క్వారంటైన్ పేరుతో మిగతావాటిని రానివ్వలేదు. పాలస్తీనాలో కొందరు కుర్ర రౌతులు, పరాయివాడి పాలు చేయలేక తమ గుర్రాన్ని తామే కాల్చుకున్నారని చెబుతారు. 1917 అక్టోబరు 31న దాహంతోనే తుర్కుల చేతిలో ఉన్న బీర్షెబా పట్టణం మీదికి దూకిన గుర్రాలవి! మీరైతే ఏం చేసేవారు?

గట్టుమీద_గోపి: కాల్చేవాణ్ణే. 1930లో డొరొతీ బ్రూక్ అనే ఒక బ్రిటిష్ సైనికాధికారి భార్య కైరో వెళ్లేసరికి, బ్రిటిష్ సైన్యం అమ్మేసి పోయిన గుర్రాలు ఎముకలు తేలి ఇంకా బళ్లు లాగుతున్నాయి. అంటే పన్నెండేళ్లు! ఆవిడ పేపర్‌కి ఉత్తరం రాసి, చందాలు పోగుచేసి దాదాపు 5,000 కొంది. కొని చాలావాటికి ఏం చేసింది? బాధ లేకుండా చంపించింది. ఆ పనే ముందే చేస్తే తప్పేంటి?

లెక్కల_మాస్టారు: ఏడిచేముందు లెక్క చూడండి. చివర్లో ఆస్ట్రేలియన్ల దగ్గర మిగిలినవి 13,000. అందులో 11,000 అమ్మారు, ఎక్కువ భాగం మన దేశంలోని బ్రిటిష్ సైన్యానికే. ఈ 'వేలర్' జాతి గుర్రాలు యుద్ధానికి ఎంతో ముందునుంచే మద్రాసు రేవులో దిగేవి, మనకు కొత్తేం కాదు. మిగిలిన 2,000 ముసలివీ, జబ్బువీ. వాటిని కాల్చింది ఆర్డర్ మీద. ముందు నాడాలు ఊడదీసి, జూలూ తోకా కత్తిరించారు. ఇనుముకీ వెంట్రుకలకీ డబ్బులొస్తాయి కదా! ఇందులో ప్రేమ ఎక్కడుంది?

గట్టుమీద_గోపి: ఆ రెండు వేలల్లో మీ గుర్రం ఉంటే తెలిసేది మాస్టారూ. అయినా శాండీ ఎవరిది? ఆస్ట్రేలియా సేనాధిపతి జనరల్ బ్రిడ్జెస్‌ది. ఆయన 1915లోనే పోయినా గుర్రానికి ఓడలో చోటు దొరికింది. మామూలు సిపాయి గుర్రానికి మాత్రం రూల్స్!

సత్తెనపల్లి_కోడలు: మా నాన్న ముసలి ఎద్దును సంతలో అమ్మినప్పుడు పలుపుతాడు మాత్రం ఇవ్వలేదు. కొన్నవాడే వేరే తాడు తెచ్చుకున్నాడు. అది కబేళాకే పోతుందని నాన్నకు తెలుసు. అడగలేదు. పలుపు ఏళ్లతరబడి పాకలో మేకుకు వేలాడింది. అందుకని నేను ఆ కుర్రాళ్లను తప్పుపట్టను. కానీ గోపిగారూ, "కాల్చేవాణ్ణే" అని మీరన్నంత తేలిగ్గా అనలేను. నాడా తీయడానికి కూర్చుంటే, ఆ గుర్రం రోజూలాగే కాలెత్తి చేతికిచ్చి ఉంటుంది కదండీ.