జీడిపప్పు చిల్లర ప్యాకింగ్: ఆటోమేటిక్ మెషినా, వాక్యూమ్ ఛాంబరా?

కాశీబుగ్గ యూనిట్
నెలకు 2 టన్నుల పప్పు ఇప్పుడు టిన్నుల్లో హోల్‌సేల్‌కే పోతోంది. ఇకపై 250 గ్రాముల ప్యాకెట్లు కట్టి శ్రీకాకుళం, విజయనగరం షాపులకు వెయ్యాలని ఆలోచన. ఫిల్మ్ రీలును పౌచ్‌గా మలిచి, నింపి, సీలు వేసే ఫారం-ఫిల్-సీల్ ఆటోమేటిక్ తీసుకోమని కొందరు, గాలి లాగేసి నైట్రోజన్ నింపే వాక్యూమ్ ఛాంబర్ చాలని కొందరు అంటున్నారు. లెక్కతో చెప్పండి.

మెషిన్ సర్వీస్, విజయనగరం
2 టన్నులంటే 250 గ్రాములవి 8,000 ప్యాకెట్లు. నెలకు 25 పనిరోజులు వేసుకుంటే రోజుకు 320. నిమిషానికి 25 కొట్టే ఆటోమేటిక్‌కి అది 13 నిమిషాల పని. మిగతా రోజంతా ఖాళీ. దానికి తోడు 6 బార్ ఒత్తిడితో గాలిచ్చే కంప్రెసర్, ప్యాకెట్ వెడల్పు మారిన ప్రతిసారీ వేరే కాలర్ (ఫిల్మ్‌ను గొట్టంలా మలిచే భాగం) కావాలి. అదే ఛాంబర్‌లో రెండేసి ప్యాకెట్లు పెట్టి, ఒక్కో విడతకు 40 సెకన్లు వేసుకున్నా, రెండు గంటల లోపే 320 అయిపోతాయి. నా మాట ఛాంబరే.

చిల్లర సరుకు, రాజాం
అన్నా, ఆ లెక్క 250 గ్రాములకే నిలబడుతుంది. పల్లెటూరి కిరాణా కొట్లో చకచకా కదిలేది 20 గ్రాముల ప్యాకెట్. అదే 2 టన్నులు అప్పుడు లక్ష ప్యాకెట్లు, రోజుకు 4,000. చేత్తో తూచి, నింపి, సీలు వేస్తే మనిషికి నిమిషానికి నాలుగు కావడమే గొప్ప. 1,000 నిమిషాలు, అంటే దాదాపు 17 గంటలు! ఇక్కడ ఆటోమేటిక్ లేకుండా కుదరదు. ఇవాళ ఛాంబర్ కొని, రేపు మళ్లీ ఇంకోటి కొంటారా?

మెషిన్ సర్వీస్, విజయనగరం
20 గ్రాములైతే మీ మాటే సరి. కానీ అందులో ఏ పప్పు వేస్తారన్నది ముందు తేల్చుకోవాలి. డబ్ల్యూ 320 అనే గుండు పప్పు గ్రేడ్ అంటే పౌనుకు (దాదాపు 454 గ్రాములు) 300 నుంచి 320 పప్పులు. ఒక్కోటి 1.4–1.5 గ్రాములు. 20 గ్రాములకు పదమూడో పద్నాలుగో పడతాయి. ఒక్క పప్పు అటూ ఇటూ అయితే 7 శాతం తేడా! 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం 50 గ్రాముల లోపు ప్యాకెట్‌కు 9 శాతం వరకు తేడాను ఒప్పుకుంటారు గానీ, సగటు మాత్రం తగ్గకూడదు. తక్కువ పడుతుందన్న భయంతో ఒక్కో పప్పు ఎక్కువ వేసుకుంటూ పోతే 2 టన్నులకు 140 కిలోలు ఊరికే పోతుంది. ఆటోమేటిక్‌లో పప్పు నింపే కప్పు ఫిల్లర్ తూచదు, ఘనపరిమాణం కొలుస్తుంది. గ్రేడ్ మారితే తూకమూ మారుతుంది. చిన్న ప్యాకెట్‌లో బద్దో ముక్కో వెయ్యండి, తూకం సన్నగా సర్దుకుంటుంది.

చిల్లర సరుకు, రాజాం
బద్ద సంగతి ఒప్పుకుంటాను. ఛాంబర్ ఎందుకు మరి? పౌచ్ మూతిని వేడి బెల్టుల మధ్య నడిపి సీలు వేసే బ్యాండ్ సీలర్, గ్యాస్ పైపున్నది, చవగ్గా వస్తుంది కదా.

ఫిల్మ్, పౌచ్‌ల పని, టెక్కలి
బ్యాండ్ సీలర్ మూతి దగ్గర నైట్రోజన్ ఊదుతుందంతే. పప్పుల సందుల్లో చిక్కుకున్న గాలి అలాగే ఉండిపోతుంది. ఛాంబర్ ముందు గాలి లాగేసి, తర్వాత గ్యాస్ నింపుతుంది. జీడిపప్పులో నూనె ఎక్కువ కాబట్టి లోపల మిగిలిన ఆక్సిజనే పాత నూనె వాసన తెస్తుంది. 2 శాతం లోపుకు దించాలి.

అలాగని గాలి మొత్తం లాగేసి ఇటుకలా బిగించినా తప్పే. పప్పు కొనలు ఫిల్మ్‌కు సూదుల్లా గుచ్చుకుని కంటికి కనబడని చిల్లులు పడతాయి, పప్పు కూడా విరుగుతుంది. చిల్లర ప్యాకెట్‌కు గ్యాస్ నింపి కాస్త ఉబ్బుగా ఉంచడమే మేలు. పారదర్శకం పౌచ్ ఎండ తగిలే చోట వేలాడితే ఎంత గ్యాస్ పెట్టినా ఆగదు. లోహపు పూత ఉన్న మెటలైజ్డ్ పౌచ్ తీసుకోండి, పప్పు కనబడే చిన్న కిటికీ కూడా వద్దు.

సీలు కారితే వెంటనే మెషిన్‌ని తిట్టకండి. పొర తీసిన నుసి సీలు గీత మీద పడితే అక్కడ అతుక్కోదు. జల్లించి నింపండి, మూతి లోపల పొడి గుడ్డతో తుడవండి. సీలు బార్ మీద టెఫ్లాన్ టేపు గోధుమరంగుకు తిరిగితే మార్చెయ్యండి. గంటకో ప్యాకెట్‌ను బకెట్ నీళ్లలో ముంచి నొక్కండి. బుడగ వస్తే ఆ గంట సరుకంతా పరీక్షించాలి.

మెషిన్ సర్వీస్, విజయనగరం
బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది) లోంచి తీసిన వేడి మీదే ప్యాక్ చేస్తే లోపల చెమ్మ పడుతుంది. చల్లారాకే నింపండి. అలాగని మన తీరం వానాకాలంలో రాత్రంతా ఆరుబయట పరిచినా తేమ పీల్చేసుకుంటుంది. 5 శాతం దాటితే ఏ మెషిన్ కాపాడలేదు. ఛాంబర్ వాక్యూమ్ పంపు ఆయిల్ పాలలా తెల్లబడిందంటే తేమ వెళ్తోందని అర్థం, ఆయిల్ మార్చండి.

కాశీబుగ్గ యూనిట్
250 గ్రాములతోనే మొదలుపెడతాను, ఛాంబరే తీసుకుంటాను. పౌచ్ వెడల్పు 170 మిల్లీమీటర్లు. సీలు బార్ పొడవు ఎంత ఉండాలి?

మెషిన్ సర్వీస్, విజయనగరం
రెండు పక్కపక్కన పెడితే 340, మధ్యలోనూ చివర్లలోనూ ఖాళీ కలిపి 400 మిల్లీమీటర్ల సీలు బార్ అడగండి. గ్యాస్ నాజిళ్లు రెండున్నాయో లేదో మూత ఎత్తి చూడండి. ఒక్కటే ఉంటే రెండో ప్యాకెట్‌కు గ్యాస్ అందదు, పప్పు మీదికి ముడుచుకుపోతుంది.